మంత్రిగారి పిక్కలు

వంద రోజుల్లో దేశంలో కండలేని మనిషి కనిపించకూడదని వ్యాయామ శాఖ మంత్రిగారు ప్రకటించారు. వ్యాయామం చేసిన ప్రతి ఉద్యోగికీ ప్రోటీన్ పొడి డబ్బా ఉచితం. అలసిన కండరం కోలుకోవడానికి నలభై ఎనిమిది గంటల విశ్రాంతి కూడా మంజూరు. ఇంత ముందుచూపు మామూలు మనుషులకు ఎక్కడుంటుంది? అక్కడికక్కడే మంత్రిగారు డంబెల్‌ని రెండుసార్లు పైకెత్తారు. మూడోసారి ఫొటోగ్రాఫరే చాలన్నాడు.

ఆ డబ్బాలన్నీ నాలుగో అంతస్తుకి చేర్చే భాగ్యం లిఫ్టు బాబాయికి దక్కింది. ఆయన మంత్రిగారి ఆఫీసులో అటెండరు. లిఫ్టు చెడిపోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ ఫైళ్ళూ, కుర్చీలూ, మంచినీళ్ళ క్యాన్లూ ఆయన భుజం మీదే పైకి వెళ్తున్నాయి కనక ఆ పేరు స్థిరపడింది. "ఇంకో ఏడాది ఇలాగే ఎక్కావంటే ఆ తర్వాత నడవడానికి ఇంకో మనిషి కావాలి" అని డాక్టరు మోకాళ్ళు నొక్కి మరీ చెప్పాడు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. లిఫ్టు రిపేరు ఫైలు మంత్రిగారి బల్ల మీదుంది. ఒక్క సంతకం చాలు. కాకపోతే మంత్రిగారి గది కింది అంతస్తులోనే కాబట్టి తొందరేం లేదు.

"ఇవాళ కుదరదు బాబాయ్" అన్నాడు పి.ఏ. "సార్ కుడిచెయ్యి రికవరీలో ఉంది."

"పోనీ ఎడమచేత్తో..."

"అది కుడిచేతికి తోడుగా రెస్టు తీసుకుంటోంది."

నలభై ఎనిమిది గంటలు పూర్తయ్యేసరికి టీవీవాళ్ళొచ్చారు. మంత్రిగారు మళ్ళీ డంబెల్ ఎత్తారు. ఆ తర్వాత పత్రికలవాళ్ళు, ఆ తర్వాత విదేశీ అతిథులు. ప్రజాసేవలో పడి ఆ కండరం నెలన్నరపాటు కోలుకోనేలేదు.

కనీసం పొడైనా తాగుదామని బాబాయి ఒక డబ్బాకి అర్జీ పెట్టుకున్నాడు.

"ఏం వ్యాయామం చేస్తావు?" అనడిగాడు సెక్షన్ ఆఫీసరు.

"రోజుకి పదిహేనుసార్లు నాలుగంతస్తులు ఎక్కుతానండి. బరువుతో."

"అది డ్యూటీ కదయ్యా! పనుండి ఎక్కితే పని. పన్లేకుండా ఎక్కితేనే వ్యాయామం."

"అయితే డ్యూటీ దిగాక ఊరికే ఒకసారి ఎక్కి రానా అండీ?"

"భేషుగ్గా ఎక్కు. ఆఫీసు టైము దాటాక లోపలున్నందుకు మెమో ఇస్తాను."

బాబాయికి ఒళ్ళు మండింది. అయినా ఆ రూలు రాసిన బుర్రకి దణ్ణం పెట్టాలి గనక, పెట్టే వచ్చాడు.

ఇంతలో ప్రచారానికి పోస్టరు కావాల్సొచ్చింది. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి నవ్వే మంత్రిగారు, కింద నిక్కరు. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, పి.ఏ.ని పక్కకి పిలిచాడు.

"సార్ కాళ్ళు మంచివే. కెమెరాకే బొత్తిగా ఆనట్లేదు."

సరిగ్గా అప్పుడే బాబాయి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రెండు చేతులా డబ్బాలతో వాళ్ళ ముందు మెట్లెక్కుతున్నాడు. రెండు పిక్కలూ కొబ్బరికాయల్లా ఉన్నాయి. ఎడమదాని మీద డబ్బా రేకు గీసుకున్న పొడుగాటి గాటు.

"అలాగే ఉండు బాబాయ్! లైటింగు చూసుకోవాలి" అని ఫొటోగ్రాఫరు నాలుగుసార్లు నొక్కాడు.

పోస్టర్లు వచ్చిన రోజే మంత్రిగారి కుడిచెయ్యి కోలుకుంది.

"సంతకం అయింది బాబాయ్!" అంటూ పి.ఏ. ఎదురొచ్చాడు.

బాబాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఫైలు తీసుకుని చదివాడు.

"ఉద్యోగుల ఆరోగ్యం దృష్ట్యా లిఫ్టు శాశ్వతంగా మూసివేయడమైనది. తలుపులపై పోస్టర్లు అంటించవలెను."

అంటించడం బాబాయి పనే. కొలిచి చేయించినట్టు పోస్టరు తలుపుకి సరిపోయింది. జిగురు రాస్తుండగా మంత్రిగారు వచ్చి ఆగారు. ముచ్చటగా తనని తాను పైనుంచి కిందిదాకా చూసుకున్నారు.

"ఏమోయ్, నీకు మోకాళ్ళ నొప్పులటగా? నా పిక్కలు చూడు! ఇవి ఊరికే వచ్చాయనుకున్నావా?"

ఎడమ పిక్క మీద గాటు దగ్గర కాగితం కాస్త లేచింది. బాబాయి దాన్ని బొటనవేలితో గట్టిగా అదిమాడు.

"లేదండి. చాలా కష్టపడాలండి."

"అదీ మాట!" అని మంత్రిగారు ఆయన భుజం తట్టి కారెక్కారు.

బాబాయి మిగిలిన పోస్టర్లు చంకన పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. పైన ఇంకా నాలుగు తలుపులున్నాయి.