లేని కూతురికి పెళ్లి సంబంధం

పూల ఆదివారం పొద్దున్న నెవెనా వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నంలోగా పూలగుత్తులన్నీ ఇళ్లకు చేరాలి. సాయంత్రానికి చేప కాల్చి, జున్ను రొట్టె బనిత్సాకు పొరలు పేర్చి, వచ్చేవాళ్ల కోసం బల్ల సిద్ధం చేయాలి. ఈ రెండింటి మధ్యలో, కూతురు కాలినా ప్రేమించినవాడిలో ఏదో ఒక లోపం పట్టుకోవాలి. మొదటి రెండూ ఏటా చేసేవే. మూడోదే చలికాలం నుంచీ చేతికి చిక్కడం లేదు.

మా ప్లొవ్‌దివ్‌లో పువ్వు పేరో చెట్టు పేరో పెట్టుకున్నవాళ్లందరికీ ఆ రోజే నామదినం, అంటే పేరు పండగ. నామదినానికి ఎవరినీ పిలవరు. పిలవకుండానే వస్తారు, వచ్చినవాళ్లకు పెట్టకుండా పంపకూడదు. నెవెనా అన్నదీ పువ్వు పేరే, పైగా భర్త పోయినప్పటి నుంచీ ఆవిడ నడిపేది పూల దుకాణం. అంచేత ఆ రోజు ఆవిడకు పని ఎక్కువ, అనుమానం ఎక్కువ. అనుమానం మిగతా రోజుల్లోనూ తక్కువేం కాదు. పాలమనిషి నవ్వుతూ పలకరిస్తే పాలలో నీళ్లు కలిశాయనుకునే రకం. వీధి మొత్తం మీద ఆవిడ అనుమానించని మనిషి ఒక్కడే, ఎదుటి గడియారాల కొట్టు వర్బాన్. ఆయన ఎప్పుడూ నోరు విప్పడు గనక అనుమానించడానికి సరుకు దొరకలేదు.

కాలినా ప్రేమించిన స్పాస్ లిఫ్టులు తయారుచేసే కంపెనీలో సీ భాషలో ప్రోగ్రాములు రాస్తాడు. రోజంతా తెర ముందు కూర్చుని తనలో తాను గొణుక్కునేవాణ్ణి ఎలా నమ్మడం అని నెవెనా బాధ. ఆ అపనమ్మకం పోగొడదామనే అతను దుకాణానికి ఒక ప్రోగ్రాము రాసిచ్చాడు. ఫోన్లో వచ్చిన ఆర్డర్లను కాలినా అందులో ఎక్కిస్తే చాలు. ఎవరికి, ఏ ఇంటికి, ఏ పూలు ఎన్ని, కార్డు మీద ఏ మాటలు, అన్నీ అచ్చయి వస్తాయి. ఈ పండగ సవ్యంగా గడిస్తే పెళ్లి సంగతి సాయంత్రం అందరి ముందూ తేల్చేస్తానని నెవెనా మాటిచ్చింది.

శుక్రవారం ఆఫీసులో ఆ ప్రోగ్రాము చూసి దెతెలీనా అనే సహోద్యోగి మొహం చిట్లించింది.

"పేర్లు ఒక వరస, ఇళ్లు ఒక వరస, పూలు ఒక వరస, మాటలు ఒక వరస. ఒక్కో మనిషిని నాలుగు ముక్కలు చేసి నాలుగు డబ్బాల్లో పడేశావు. స్ట్రక్చర్ అనేది ఒకటి ఉంది, గుర్తుందా? ఒక మనిషికి చెందినవన్నీ కలిపి ఒక మూట కట్టెయ్. ఎటు జరిపినా మూట మొత్తం జరుగుతుంది."

"పట్టుమని ముప్ఫై ఆర్డర్లు లేవు దెతెలీనా. నాలుగు వరసల్లోనూ ఐదోది ఐదో మనిషిదే. ఇందులో తప్పెలా వస్తుంది?"

"లిఫ్టు ఎక్కేటప్పుడు అందరూ అలాగే అనుకుంటారు," అని ఆవిడ తన కాఫీ తీసుకుని వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం నెవెనా ఒక చిన్న కోరిక కోరింది. పేర్లు అక్షరక్రమంలో ఉంటే వెతుక్కోవడం తేలికట.

"అదెంత పని అత్తయ్యగారూ."

"ఇంకా అత్తయ్యను కాలేదు," అంది నెవెనా.

స్పాస్ పేర్లను అక్షరక్రమంలో సర్దాడు. పేరుతో పాటు ఇల్లు కూడా జరగాలని గుర్తుపెట్టుకుని మరీ జరిపాడు. తెర మీద పేర్లూ ఇళ్లూ చూసుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని తృప్తిపడి ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాడు. పూలూ మాటలూ మాత్రం పాత వరసలోనే, కదలకుండా కూర్చున్నాయి.

ఆదివారం పొద్దున్న వెనకగదిలో నెవెనా చీటీ చూసి గుత్తి కట్టడం, కార్డు చదివి కవరులో పెట్టి అంటించడం మొదలుపెట్టింది. కవర్లో ఏముందో తెలియని స్పాస్ వాటిని కారులో వేసుకుని ఇళ్లకు తిప్పుతున్నాడు. దూరపు ఇళ్లవి ముందు. అన్నిటికన్నా దూరం శ్మశానం. అక్కడ త్రెందాఫిల్ అనే పెద్దమనిషి సమాధికి చీటీ వచ్చింది, ఏటా పంపేది ఆయన భార్య దేస్పా. పసుపు తులిప్పులు తొమ్మిది. కార్డు మీద, "మొన్న తాగింది ఇంకా దిగలేదు. వచ్చేవారం మళ్లీ కూర్చుందాం."

పోయినవాళ్లకు సరిసంఖ్యలో, బతికున్నవాళ్లకు బేసిసంఖ్యలో పూలివ్వాలన్నది పసిపిల్లలకూ తెలుసు. నెవెనా ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత ఆవిడకు అంతా అర్థమైపోయింది. "దేస్పా కూడా మొదలుపెట్టిందన్నమాట. తాగినవాళ్లకు లెక్కేం తెలుస్తుంది," అనుకుని తొమ్మిదీ కట్టేసింది. యంత్రం తిన్నటి అక్షరాలతో అచ్చేసింది. యంత్రం ఎందుకు అబద్ధమాడుతుంది? ఆడితే మనుషులే ఆడాలి.

తరువాతి చీటీ నోటరీ యావోర్‌ది. ఎర్రగులాబీలు ఇరవయ్యొకటి. "ఇన్నేళ్లుగా అద్దం ఇవతలి నుంచి నిన్ను చూస్తూనే ఉన్నాను. ఇక ఇవతలే ఉండలేను." సంతకం లేదు. నెవెనాకు గుండె నిండా సంతోషం కలిగింది. ఆ మర్యాదస్తుడి మీద ఆవిడకు ఏళ్ల తరబడి ఉన్న అనుమానం ఇన్నాళ్లకు రుజువైంది. రొట్టెల కొట్టు ఆవిడ పండగ విల్లో కొమ్మ పట్టుకుని చర్చి నుంచి వస్తూ పలకరిస్తే చెవిలో వేసింది.

"నేను ఎవరి పేరూ చెప్పను వదినా. మన వీధి చివర రోజంతా అద్దం వెనక కూర్చునేదెవరో నువ్వే ఆలోచించుకో."

వీధి చివర ఉన్నది మందుల షాపు. అద్దం వెనక కూర్చునేది కమేలియా. రొట్టెల కొట్టు ఆవిడకు అంతకన్నా ఏం కావాలి? నోటరీ భార్య జోర్నీత్సాకు గులాబీల కన్నా ముందే కబురు అందింది.

ఆ తరువాతి చీటీ చూసి నెవెనా చేతిలోని కత్తెర వదిలేసింది. అది వియోలెతా టీచరమ్మది. ఊళ్లో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషి, పెళ్లి మాట తలపెట్టని మనిషి. కార్డు మీద ఇలా ఉంది. "మీ అమ్మాయిని కంటికి రెప్పలా చూసుకుంటాను. మీ నోట సరే అన్న ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాను. మీ స్పాస్."

పెళ్లే కాని మనిషికి పెళ్లీడు కూతురు. ఆ కూతురికి సంబంధం ఈ మహానుభావుడు. నెవెనా అతన్ని పిలిచింది.

"అబ్బాయ్, వియోలెతా టీచరమ్మ తెలుసా నీకు?"

"తెలియకేం అత్తయ్యగారూ. చిన్నప్పుడు ఆవిడింటికి ట్యూషన్‌కు వెళ్లేవాణ్ణి."

"ఇంకా కాలేదు. ఇప్పుడూ వెళ్తుంటావా?"

"అప్పుడప్పుడూ. ఆవిడ చేసే చెర్రీ జామ్ కోసం."

"జామ్ కోసం."

"అవునండీ. అలాంటిది ఇంకెక్కడా దొరకదు."

"దొరకదు, దొరకదు. ఈ కవరు నీ చేత్తోనే ఇచ్చి రా నాయనా," అని నెవెనా నవ్వుతూ అందించింది. కూతురికి ఒక్క మాట చెప్పలేదు. ఇలాంటివి పదిమందిలో బయటపెట్టాలి.

చివరికి మిగిలింది అన్నిటికన్నా దగ్గరి ఇంటి చీటీ. దాని మీద పేరు నెవెనా. "స్పాస్ నీకూ పూలు చెప్పాడమ్మా. చూడనట్టు ఉండు," అని కాలినా పొద్దున్నే చెవిలో ఊది ఉంది. నెవెనా చీటీ విప్పింది. తెల్ల కార్నేషన్లు, ఎనిమిది. "మీరు లేని ఇల్లు బోసిపోయింది. ప్రశాంతంగా నిద్రించండి."

ఆవిడ కుర్చీలో కూలబడింది. భయం వేసింది, ఆ పైన ఏడుపొచ్చింది. అక్కడ సంబంధం కుదుర్చుకుంటూ, ఇక్కడ తనను పైకి పంపిస్తున్నాడు. ఎనిమిది పూలనూ తనే కట్టి, దుకాణం కూతురికి వదిలేసి, ఫోను ఆపేసి ఇంటికి నడిచింది.

మధ్యాహ్నం స్పాస్ ఖాళీ కారుతో తిరిగొచ్చేసరికి కాలినా ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"దేస్పా గారు శ్మశానం నుంచి మాట్లాడారు. ఆయన పోయి నాలుగేళ్లయింది, మొన్న ఎవరితో తాగాడో చెప్పమంటున్నారు. అక్కడ మందుల షాపులో నోటరీగారి భార్య కమేలియా గల్లా అద్దం పగలగొట్టింది. స్పాస్, ఏం చేశావు?"

స్పాస్ కంప్యూటర్ తెరిచి ఒక్క చూపు చూసి, దెతెలీనాకు ఫోన్ చేశాడు.

"నిన్న పేర్లను అక్షరక్రమంలో పెట్టాను."

"మిగతా వరసల్ని?"

"ఇళ్లను జరిపాను. పూలనూ మాటలనూ మరిచాను."

"నువ్వు రాసిన లిఫ్టు ఏ భవనంలో ఉందో చెప్పు. నేను మెట్లెక్కి వెళ్తాను," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఇద్దరూ క్షమాపణలు చెప్పుకుందామని ఇంటింటికీ తిరిగారు. ఏ ఇంట్లోనూ మనిషి లేడు. నామదినం కదా. పిలవకుండా వెళ్లే హక్కు ఉన్న రోజు కదా. అందరూ ఎవరి కోపం వాళ్లు తీసుకుని నెవెనా ఇంటికే బయలుదేరారు.

అక్కడ బల్ల మధ్యలో, కాల్చిన చేప పక్కన, కూజాలో ఎనిమిది తెల్ల కార్నేషన్లు ఉన్నాయి. లోపలికి వచ్చినవాళ్లు వచ్చినట్టే వాటిని లెక్కపెట్టి గొంతు తగ్గించేస్తున్నారు. దేస్పా తులిప్పులతో కూర్చుంది. జోర్నీత్సా గులాబీలను ఒళ్లో పెట్టుకుంది, నోటరీ చెవి వెనక ముల్లు గీతలున్నాయి. వియోలెతా టీచరమ్మ తన కవరును పర్సులో భద్రంగా దాచుకుంది. మూలన వర్బాన్ ఏటా లాగే బనిత్సా పళ్లెంతో, ఏటా లాగే మౌనంగా ఉన్నాడు.

స్పాస్ గుమ్మంలో కనిపించగానే నెవెనా లేచింది.

"రా నాయనా. ముందు టీచరమ్మగారి అమ్మాయి సంగతి చెప్పు, తరువాత నన్ను ఎప్పుడు పాతిపెడతావో చెబుదువుగాని."

కాలినా మొహం పాలిపోయింది. "టీచరమ్మగారికి అమ్మాయేమిటి?"

"నాకు కూతురు లేదమ్మా," అంది వియోలెతా టీచరమ్మ. "పొద్దుటి నుంచీ వెతుక్కుంటున్నాను. అయినా ఇంత మర్యాదగా అడిగాడు, లేదని చెప్పడానికి మనసు రావడం లేదు."

స్పాస్ ఇక ఏదీ దాచలేదు.

"తప్పు నాదే. ఒక్కొక్కరి పేరు, ఇల్లు, పూలు, మాటలు ఒక్క మూటగా కట్టాలి. బద్ధకించి విడివిడిగా పెట్టాను. పేర్లు జరిగాయి, మాటలు జరగలేదు. మీ అందరికీ వేరేవాళ్ల మాటలు అందాయి."

"కట్ట కట్టకుండా పూల దుకాణంలో పని చేయడానికి వచ్చావా?" అంది నెవెనా. కానీ గొంతులో పదును కొంచెం తగ్గింది.

స్పాస్ బల్ల చుట్టూ తిరిగాడు. తులిప్పులు దేస్పా దగ్గర తీసుకుని నోటరీకిచ్చాడు. తన వేట స్నేహితులు పంపిన ఆ తాగుడు మాటలు విని నోటరీ తల వంచుకున్నాడు. కార్నేషన్లు దేస్పా చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని గుండెకు హత్తుకుంది. టీచరమ్మ పర్సు తెరిచి, కాస్త బాధగానే, కవరు తీసి నెవెనాకు అందించింది. "మీ అమ్మాయి గురించేనమ్మా. మీరే ఉంచుకోండి."

"మరి ఈ గులాబీలు?" అంది జోర్నీత్సా. "నా మొగుడివి కాకపోతే ఎవరివి?"

స్పాస్ కాలినా వైపు చూశాడు. కాలినా చేప వైపు చూసింది.

"ఆ ఆర్డరు నేనే రాసుకున్నాను. పేరు చెప్పొద్దన్నారు. అమ్మ పేరున్న రెండో చీటీని విప్పి చూడకుండానే దాచేశాను. అవి అమ్మకు."

నెవెనా మెల్లగా కిటికీలోంచి చూసింది. కింద వీధిలో తన దుకాణం, దానికి ఎదురుగా గడియారాల కొట్టు, ఆ కొట్టుకు నిలువెత్తు అద్దం. పొద్దున్న ఆ మాటలు చదివి ఎంత నవ్వుకుందో, ఎవరి చెవిలో వేసిందో ఆవిడకు గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. ఊరందరినీ అనుమానించింది గానీ, తనను ఒకరు ప్రేమిస్తున్నారేమో అని ఏనాడూ అనుమానించలేదు.

మూలన పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది. వర్బాన్ లేచి నిలబడ్డాడు.

"గడియారాలు బాగుచేసేవాణ్ణి," అన్నాడు. "అయినా ఆలస్యం చేశాను."

నెవెనా గులాబీలు అందుకుంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయి మానేసింది. చాలాసేపు ముఖం వాటిలోనే ఉంచుకుంది. తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం దుకాణంలోదే.

"కూర్చో వర్బాన్. బనిత్సా చల్లారిపోతోంది." తరువాత స్పాస్ కార్డు కూతురి చేతిలో పెట్టింది. "అల్లుడూ, రేపు పొద్దున్నే వెళ్లి కమేలియా అద్దం వేయించు. దేస్పా గారిని ఇప్పుడే శ్మశానం దాకా దింపి రా."

"అలాగే అత్తయ్యగారూ," అని స్పాస్ ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ ఏమీ అనలేదు.

మరుసటి ఏడు పూల ఆదివారానికి స్పాస్ ప్రతి మనిషినీ స్ట్రక్చర్లో మూటగట్టి కొత్త ప్రోగ్రాము ఇచ్చాడు. చీటీలు సరిచూస్తూ దెతెలీనా ఒక దగ్గర ఆగి, నెవెనాకూ వర్బాన్‌కూ ఒకే చిరునామా వచ్చిందేమిటని అతన్ని అనుమానంగా చూసింది. ఈసారి ప్రోగ్రాములో తప్పేమీ లేదు.