చూడకుండా చదివిన బోర్డు

‘ఎవరి నమ్మకం వాళ్ళకు నిజం’ అనే మాటను మొదట అన్నదెవరో నాకు తెలియదు. కానీ ఆయన కచ్చితంగా వ్యాపారస్తుడే అయ్యుంటాడు! మునులకూ మేధావులకూ ఇంత గిట్టుబాటు ఆలోచన రాదు.

నాది కళ్ళజోళ్ళ షాపు. చూపు పరీక్షించడం, అద్దాలు బిగించడం, ‘ఇవేం అద్దాలయ్యా’ అంటూ తిరిగొచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వడం నా పని. ఒకప్పుడు ఆ చివరి పని నా ప్రాణం తీసేది. ఈ మాట చేతికొచ్చాక హాయిగా ఉంది.

మొన్న ఒకావిడ వచ్చింది. కొత్త జోడు పెట్టుకుంటే ఆఫీసులో లేని మెట్టు ఒకటి కనబడుతోందట! ఇదివరకైతే కంగారుపడి నంబర్ మళ్ళీ చూసేవాణ్ణి. ఇప్పుడు చేతులు కట్టుకుని, “అమ్మా, మెట్లు ఎన్ని అన్నది ఎవరి అనుభవం వాళ్ళది. మీ అనుభవాన్ని కాదనడానికి నేనెవర్ని?” అన్నాను. ఆవిడ జోడు సర్దుకుని లేచింది. వెళుతూ వెళుతూ, గడప లేనిచోట కాలెత్తి దాటింది.

ఇంత లాభసాటి సూత్రాన్ని జనం అన్నిచోట్లా వాడుకోకపోవడమే నా బాధ. “మీ దృష్టిలో పైపు కారుతోంది, నా దృష్టిలో కారడం లేదు” అని ప్లంబరు వెళ్ళిపోవచ్చు కదా! “నా జవాబు నాకు కరెక్టు” అని పిల్లలు పరీక్ష రాసి రావచ్చు కదా! అబ్బే, ఒప్పుకోరు. పైపు దగ్గర రుజువు కావాలి, పరీక్షలో రుజువు కావాలి. మనం ఎందుకు పుట్టాం, పోయాక ఏమవుతాం అన్న చిన్నాచితకా విషయాల్లో మాత్రం ఎవరికి తోచింది వాళ్ళకు నిజం!

దీని గొప్పదనం చూడాలంటే మా షాపు బెంచీ దగ్గరికి రావాలి. పక్క షాపు టైలరూ, ఎదురుగా ఉన్న మందుల షాపాయనా సాయంత్రం టీ తాగేది దానిమీదే. మతాలు వేరు. పోయినవాడు మళ్ళీ పుడతాడంటాడు టైలరు. పుట్టుక ఒక్కసారే, ఆ తర్వాత పైన సంజాయిషీ చెప్పుకోవడమే అంటాడు మందుల షాపాయన. ఒకప్పుడు ఈ విషయం మీద టీ గ్లాసులు గాల్లోకి లేచేవి. ఇప్పుడో? “మీకు మీది నిజం, మాకు మాది నిజం” అనుకుని బిస్కెట్లు పంచుకుంటున్నారు.

శాంతికి నేను వ్యతిరేకిని కాను. గ్లాసులు నావి! కానీ వ్యాపారస్తుడి బుర్ర ఊరుకోదు కదా. చావు కూడా కస్టమర్ ఆర్డరు చూసి సరుకు పంపుతుందా? టైలరును మళ్ళీ పుట్టించి, మందుల షాపాయనను పైకి పిలిపించి, ఏదీ నమ్మనివాణ్ణి దారి మధ్యలో దింపేస్తుందా?

“మీకెలా తెలుసు?” అని ఒకసారి అడిగాను.

“లోపల గట్టిగా అనిపిస్తుందండీ,” అన్నాడు టైలరు గుండె మీద చెయ్యి వేసుకుని.

“నాకూ అంతే. ఇంకా గట్టిగా,” అన్నాడు మందుల షాపాయన, తనూ అదేచోట చెయ్యి వేసుకుని.

ఒకే మూటకు రెండు కాటాలు రెండు తూకాలు చూపిస్తే, వాటిలో ఒకటైనా చెడిందని మా బజార్లో అందరికీ తెలుసు. రెండూ చెడి ఉండవచ్చు కూడా. వీళ్ళేమో రెండు కాటాలనూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. మనకెందుకండీ? ఇద్దరి కళ్ళజోళ్ళూ నా దగ్గరే.

ఇలా హాయిగా సాగుతుండగా మా బావమరిది వచ్చాడు.

వాడు నా భార్యకు సొంత తమ్ముడు. స్కూలు వాన్ డ్రైవరు. లైసెన్సు రెన్యువల్‌కు చూపు బాగుందని సర్టిఫికెట్ కావాలి. దానిమీద సంతకం పెట్టే అధికారం నాకుంది. ఆ వాన్‌లో, సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చుని రోజూ స్కూలుకు వెళ్ళేది మా అమ్మాయి. ఇది మీరు గుర్తుంచుకోండి. ఆ రోజు షాపులో ఇంకెవరూ గుర్తుంచుకోలేదు.

వాడు కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసి, గోడ మీది బోర్డు అందుకున్నాడు. “ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ...” కింది వరుస దాకా ఎక్కడా ఊపిరి పీల్చుకోలేదు. ఆ ధాటికి బెంచీ మీద ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ బోర్డు అక్కడ లేదు! పాతది వెలిసిపోయిందని ముందురోజే తీసేసి, అద్దాల కంపెనీవాళ్ళిచ్చిన కొత్తది తగిలించాను. దాంట్లో ఒక్క అక్షరం లేదు. అన్నీ అంకెలే!

“ఒరేయ్, ఏం చదివావురా?”

“బోర్డు.”

“ఏ బోర్డు?”

“అదేంటి బావా, బోర్డులు ఎన్నుంటాయి?”

“ఇది కొత్తదిరా. ఇందులో అంకెలున్నాయి.”

వాడు బోర్డు వైపు చూడలేదు. నావైపు జాలిగా చూశాడు. “మా నాన్న ఈ బోర్డు చదివే లైసెన్సు తెచ్చుకున్నాడు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాడు. మా స్టాండులో ఏ డ్రైవరును నిద్రలేపి అడిగినా ఇదే చెబుతాడు. మేమింతమందిమీ తప్పు, నీ గోడ ఒక్కటే కరెక్టా?”

“ఒక్కసారి అటు చూసి చెప్పు.”

“చూడ్డమెందుకు బావా? నాకు తెలుసుగా!”

పాఠకులారా, విశ్వాసానికి ఇంతకన్నా స్వచ్ఛమైన రూపాన్ని నేను చూడలేదు! గోడ మీద అక్షరాలున్నా, అంకెలున్నా, ఏనుగు బొమ్మ ఉన్నా, అసలు గోడే లేకున్నా వాడి జవాబు మారదు. గోడతో పనిలేని జవాబు గోడ గురించి ఏం చెబుతుందని మీరు అడగబోతున్నారు. అడక్కండి. మనోభావాలుంటాయి.

టైలరు సర్దిచెప్పడానికి వచ్చాడు. “పోనీలెండి, ఆయనకు అలా కనబడుతోందేమో. ఎవరి చూపు వాళ్ళది.”

“అవును. ఆయన సత్యం ఆయనది,” అన్నాడు మందుల షాపాయన.

నా సరుకును నాకే అంటగడుతున్నారు!

“మొన్న స్కూలు గేటును గుద్దావటగా?” అన్నాను వాడితో.

“తెరిచే ఉందని నమ్మాను బావా. నా నమ్మకంలో లోపం లేదు. వాచ్‌మన్‌లో ఉంది.”

ఇంతలో ఫోన్. మా ఆవిడ.

“ఏమండీ, మా తమ్ముడికి ఒక్క సంతకం పెట్టడానికి ఇంతసేపా? దేవుణ్ణి తలుచుకోనిదే వాడు బండి తాళమైనా తిప్పడు, తెలుసా?”

“తెలుసు. తాళం తిప్పాక రోడ్డు కనబడుతోందా అన్నదే నా డౌటు. రేపు పొద్దున అమ్మాయిని ఆ వాన్ ఎక్కించమంటావా?”

అటునుంచి ఇంటి తాళంచెవులు గలగలమన్నాయి.

“వాణ్ణి అక్కణ్ణించి కదలనివ్వకండి. నేనొస్తున్నా,” అంది.

మా ఆవిడ భక్తి ముందు నా భక్తి ఏ మూలకూ చాలదు. అయినా ఆ క్షణాన ‘మా తమ్ముడి చూపు వాడిది’ అనలేదు చూడండి! వస్తూనే బోర్డు పక్కన నిలబడి, ఒక అంకె మీద వేలు పెట్టి, “ఇదేంట్రా?” అంది.

“నీకేం కనబడుతోందక్కా?”

“నాకేం కనబడుతోందో కాదురా, ఇక్కడ ఏముందో చెప్పు!”

పండితులు తలలు పట్టుకున్న విషయాన్ని మా ఆవిడ చేతిసంచి కింద పెట్టకుండానే తేల్చేసింది.

వాడి కళ్ళకు పై అంకె తప్ప ఇంకేమీ ఆనలేదు. అద్దాలు మార్చి మార్చి పెడుతూ, “ఇది బాగుందా, ఇది బాగుందా?” అని అడిగాను.

“రెండూ బాగున్నాయి బావా. గొడవెందుకు?”

వాళ్ళక్క వాడి నెత్తిన ఒక్కటి వేసింది. “రెండోది,” అన్నాడు.

సరైన అద్దం పడ్డాక మళ్ళీ చదివాడు. “ఏడు... కాదు, ఒకటి... ఆగు బావా, ఏడే. తర్వాతది మూడా? ఉహూఁ, ఎనిమిది.” నీళ్ళు నమిలాడు, వెనక్కి వెళ్ళాడు, దిద్దుకున్నాడు. అక్షరాలు అప్పజెప్పినంతసేపూ ఒక్కసారి కూడా తడబడని మనిషి! ఇప్పుడు తడబడ్డాడు గనకే, చూస్తున్నాడని నాకు నమ్మకం కుదిరింది. ఎవరి నంబర్ వాళ్ళదే, ఒప్పుకుంటాను. అమ్మేది నేనే కదా! బోర్డు మాత్రం అందరికీ ఒకటే.

బెంచీ వైపు తిరిగి, “మీరిద్దరూ ఏ బోర్డు చూసి చెబుతున్నారో, ఒకసారి సరిచూసుకుంటారా?” అన్నాను. టైలరుకు అర్జంటుగా కుట్టాల్సిన చొక్కా గుర్తొచ్చింది. మందుల షాపాయనకు తన కోసం ఎదురుచూస్తున్న దగ్గు మనిషి గుర్తొచ్చాడు. వాళ్ళిద్దరూ ఇంత ఏకాభిప్రాయంతో లేవడం నేనెప్పుడూ చూడలేదు.

‘కళ్ళజోడుతో మాత్రమే నడపాలి’ అని రాసి సంతకం పెట్టాను. బావమరిది కదా, జోడు ఊరికే ఇద్దామనుకున్నాను. వాడు దాన్ని పెట్టుకుని తలుపు చూశాడు, గల్లాపెట్టె చూశాడు, చివరికి నా మొహం దగ్గర ఆగాడు.

“బావా, పొద్దున్నే షట్టర్ ఎత్తేముందు కళ్ళు మూసుకుని గడగడా ఏదో చదువుతావే, అది నీకెవరు నేర్పారు?”

“మా నాన్న.”

“ఎప్పుడైనా బోర్డు చూశావా?”

పూర్తి బిల్లు వేశాను. ఫ్రేముకు వేరే, డబ్బాకు వేరే, తుడుచుకునే గుడ్డకు వేరే!

పాఠకులారా, బంధువులకు చూపు తెప్పించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. వాళ్ళు రోడ్డును తర్వాత చూస్తారు. ముందు మనల్నే చూస్తారు!