పరీక్షకొచ్చిన తాతగారు

ఆ ఉదయం డ్రైవర్‌గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పరీక్షకు కాస్త ముందుగానే సంరక్షణ కేంద్రానికి చేరుకోవాలి, చక్రాల కుర్చీ బ్రేకులూ బెల్టూ ఒకసారి సరిచూసుకోవాలి, పదింటికి పాసైపోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనిపిస్తుంది. డ్రైవర్‌గారి సంగతి తెలియని వాళ్లకి అలాగే అనిపిస్తుంది.

ఏళ్ల తరబడి సిటీ బస్సు నడిపిన మనిషి. ఆ రూటు ఎత్తేశాక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, పెద్దవాళ్లకూ వికలాంగులకూ సాయపడే సహాయకుల శిక్షణలో చేరారు. పాఠాల్లో ఆయనకు తిరుగులేదు. చిక్కంతా చేతల్లోనే. మనిషి కనబడితే చాలు, స్టాపులో ప్రయాణికుణ్ణి ఎక్కించుకున్నట్టు చటుక్కున లేపి, కుర్చీలో కూలేసి, బయల్దేరదీసేవారు. ఆ తొందరకే రెండుసార్లు ఫెయిలయ్యారు. ఈసారీ తప్పితే శిక్షణంతా మళ్లీ మొదటినుంచి. పాసైతే ఆ కేంద్రంలోనే సోమవారం నుంచి ఉద్యోగం.

"ఇవాళైనా కాస్త నిదానంగా చేయండి," అంది భార్య, ఇస్త్రీ చేసిన యూనిఫాం అందిస్తూ. "టిఫిన్ తిని వెళ్లండి."

"టైమెక్కడుందే!" అన్న జవాబు వీధిలోంచి వినిపించింది.

కేంద్రానికి చేరగానే అక్కడి వంటగదిలో గబగబా టీ తాగబోయి, సగం నోట్లోనూ సగం యూనిఫాం మీదా పోసుకున్నారు. పక్కనే ఉన్న లాండ్రీ అతను జాలిపడ్డాడు.

"ఇలా ఇవ్వండి సార్, చిటికెలో ఉతికి ఆరబెట్టి ఇస్తాను." బట్టలు మెషిన్‌లో పడేసి, అల్మారాలోంచి ఓ చారల పైజామా, వదులు చొక్కా తీసిచ్చాడు.

ఐడీ కార్డూ ఫోనూ యూనిఫాం జేబులోనే ఉన్నాయన్న సంగతి, మెషిన్ గిర్రున తిరగడం మొదలయ్యాక డ్రైవర్‌గారికి గుర్తొచ్చింది. అయిపోయేదాకా దాని తలుపు తెరుచుకోదని చెప్పి, లాండ్రీ అతను దుప్పట్లు పోగుచేసుకు రావడానికి మేడమీదికి వెళ్లిపోయాడు. సరే, ఖాళీగా ఉండడమెందుకని డ్రైవర్‌గారు కారిడార్‌లో ఉన్న చక్రాల కుర్చీలో కూర్చుని, బెల్టు పెట్టుకుని, బ్రేకులు వేసి తీసి చూసుకుంటున్నారు. అదిగో, అప్పుడొచ్చింది అటెండెంట్ అమ్మాయి. ఆమె ఉద్యోగంలో చేరింది ఆ రోజే.

"అయ్యో తాతగారూ, ఒక్కరే ఇక్కడున్నారా! రండి రండి, అందరూ టిఫిన్ దగ్గరున్నారు."

"తాతగారేంటమ్మా! నేను ట్రైనీని. పదింటికి నాకు పరీక్ష."

అమ్మాయి ముఖం జాలితో కరిగిపోయింది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు ఏమన్నా కాదనకూడదు, వాళ్ల మాటవెంటే మనమూ నడవాలి అన్నది ఆ వృత్తిలో నేర్పే పాఠం.

"అవును తాతగారూ, మీకు పరీక్ష. ఖాళీ కడుపుతో పరీక్షకెళ్తే ఎలా? కాస్త జావ తాగి వెళ్దాం."

మతిమరుపు ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలని క్లాసులో అడిగితే, అచ్చం ఆ పాఠమే అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నది డ్రైవర్‌గారే. అంటే ఇక తనేం చెప్పినా ఈ పిల్ల అవునంటుంది కానీ నమ్మదు.

"చూడు తల్లీ, నేను బస్సు డ్రైవర్ని."

"అలాగా! మమ్మల్ని కూడా ఎక్కించుకుంటారా?"

"నా యూనిఫాం మెషిన్‌లో తిరుగుతోంది!"

"తిరగనివ్వండి తాతగారూ. అలిసిపోతే అదే ఆగుతుంది."

ఇక లాభం లేదని బెల్టు విప్పి లేవబోయారు. "పడిపోతారు!" అని అమ్మాయి గంట కొట్టింది. ఇంకో ఇద్దరు అటెండెంట్లు పరుగున వచ్చి చెరో పక్కా పట్టుకున్నారు. శిక్షణ క్లాసులు జరిగేది వేరేచోట, ఈ కేంద్రానికి పరీక్షల కోసమే రావడం. అందుకని వాళ్లకూ ఈయనెవరో తెలీదు. నిన్న సాయంత్రం కొత్తగా చేరిన పెద్దాయన ఈయనే అయ్యుంటాడని వాళ్లలో వాళ్లే తేల్చేసుకుని, బెల్టు ఇంకాస్త బిగించి వెళ్లారు.

భోజనాల గదిలో, ఆ కేంద్రంలోనే ఉంటున్న రిటైరైన టీచరమ్మ చక్రాల కుర్చీలో కనబడేసరికి డ్రైవర్‌గారికి ప్రాణం లేచొచ్చింది. పోయిన రెండు పరీక్షల్లోనూ ఆయన లేపి కూర్చోబెట్టింది ఆవిడనే.

"టీచరమ్మగారూ! మీరైనా చెప్పండి, నేనెవరో!"

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. గుర్తుపట్టింది. రెండుసార్లు తనను మూటలా ఎత్తి కుదేసిన చేతుల్ని ఏ మనిషి మర్చిపోతుంది?

"పాపం, ఎప్పుడు చూసినా పరీక్షంటాడమ్మా," అంది అమ్మాయితో. "పాపిడి తీసి నున్నగా దువ్వు, నెమ్మదిస్తాడు."

అమ్మాయి దువ్వింది. డ్రైవర్‌గారు పళ్లు నూరుకుంటూ దువ్వించుకున్నారు. గోడ గడియారం చూస్తుంటే ఆయనకు చెమటలు పడుతున్నాయి. చివరికి భార్య నంబరు చెప్పి, ఒక్కసారి ఫోన్ చేయమ్మా అని బతిమాలుకున్నారు. అమ్మాయి చేసింది.

"అమ్మా, సంరక్షణ కేంద్రం నుంచి. మీవారు పరీక్ష పరీక్ష అని ఒకటే కంగారుపడుతున్నారండీ."

"ఇంట్లోనూ అదే గోల తల్లీ!" అంది భార్య. "నిద్రలో కూడా లేచి కూర్చుని అదే పాట. ఏమీ తినకుండా వచ్చేశారు, కాస్త ఏదైనా పెట్టు. తొందరపడితే మాత్రం పడనివ్వకు, కూర్చోబెట్టు."

అమ్మాయి ఫోను పెట్టేసి కళ్లొత్తుకుంది. డ్రైవర్‌గారి ముందుకు రెండో గిన్నె జావ వచ్చింది.

పది అయింది. శిక్షణ మేడమ్ గేటు దగ్గర నిలబడి, ఈ డ్రైవర్‌గారు ఇంకా రాలేదేమిటా అని వీధికేసి చూస్తున్నారు. ఈలోగా కొత్త పరీక్షాధికారిణి లోపలికి వచ్చి, కుర్చీ పక్కన యూనిఫాంలో ఉన్న అమ్మాయిని చూశారు.

"పరీక్ష మీకేనా? ఈయన్ని పక్క గదిలో మంచం మీదికి మార్చండి, చూస్తాను."

చేరిన రోజే పరీక్ష పెడతారని అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆమె ముఖం పాలిపోయింది.

"పరీక్ష నాది!" అని అరిచారు డ్రైవర్‌గారు.

"అవునండీ, మీదే," అన్నారు ఇద్దరూ ఏకకంఠంతో.

పక్క గదిలో మంచం దగ్గరికి వెళ్లాక, కంగారులో అమ్మాయి ఒక్కమాటైనా చెప్పకుండా బెల్టు తీసేసి, ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తేసింది. బ్రేకు వేయలేదు. కుర్చీ వెనక్కి జారింది, ఒక పాదం ఇంకా దాని పాదాల పలక మీదే ఉండిపోయింది. డ్రైవర్‌గారికి పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మాయి చేతిని గట్టిగా పట్టుకున్నారు. తను టీచరమ్మను లేపినప్పుడు ఆవిడకూ ఇలాగే ఉండి ఉంటుంది అని తోచేసరికి సిగ్గుతో తల దించుకున్నారు.

"ఆగమ్మా, భయపడకు," అన్నారు మెల్లగా. ఆయన గొంతు అంత మెల్లగా రావడం ఆయనకే కొత్త. "నన్ను మళ్లీ కూర్చోబెట్టు. బ్రేకు వెయ్యి. నా పాదాలు నేలమీద పెట్టు. ఇప్పుడు ఏం చేయబోతున్నావో నాకు చెప్పు, నేను సరే అన్నాకే చెయ్యి. లేవడం నాకు వచ్చు. పక్కన నువ్వుంటే చాలు."

అమ్మాయి అలాగే చేసింది. డ్రైవర్‌గారు పువ్వులా మంచం మీదికి చేరారు. సరిగ్గా అప్పుడే శిక్షణ మేడమ్ లోపలికి వచ్చారు.

"డ్రైవర్‌గారూ! గేటు దగ్గర మీకోసం నేను పడిగాపులు పడుతుంటే, పైజామా వేసుకుని ఇక్కడ పడుకున్నారా?"

అమ్మాయి నోరు తెరిచింది. "అంటే తాతగారూ... బస్సు నిజమేనా?"

సంగతంతా విని పరీక్షాధికారిణి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వాక మళ్లీ అధికారిణి అయిపోయారు. "చెప్పడం బాగుంది. చెప్పినందుకు మార్కులు లేవు, చేసి చూపించాలి. ఎవరు కూర్చుంటారు?"

"నేనే కూర్చుంటాను," అంది టీచరమ్మ, గుమ్మంలోంచి తన కుర్చీ లోపలికి నడుపుకుంటూ. "ఈసారి కూడా మూటలా ఎత్తితే మాత్రం గంట నేను కొడతాను."

డ్రైవర్‌గారు ఆవిడ కళ్లకు ఎదురుగా వచ్చేలా కింద కూర్చున్నారు. "క్షమించండి టీచరమ్మగారూ. అది ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. మిమ్మల్ని మంచం మీదికి మార్చనా?"

"ఆలోచించుకోనీ."

ఆయన ఆగారు. టీచరమ్మ ఆలోచించుకుంది. కళ్లజోడు తుడుచుకుంది. శాలువా మడతపెట్టింది, నచ్చక మళ్లీ మడతపెట్టింది. ఆయన ఆగారు. ఆవిడ సరే అన్నాక, చెప్పి బ్రేకు వేశారు, చెప్పి పాదాలు దించారు, ఆవిడ తన చేతులతో తనే నెట్టుకుని లేచేదాకా చెయ్యి ఆసరాగా చాపి నిలబడ్డారు. ఉతికిన యూనిఫాంతో లాండ్రీ అతను వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. చివరికి టీచరమ్మ మహారాణిలా మంచం మీద కూర్చుని, "ఇదీ పద్ధతి," అంది.

"పాస్," అన్నారు పరీక్షాధికారిణి.

డ్రైవర్‌గారి కళ్లు చెమ్మగిల్లాయి. అమ్మాయి చప్పట్లు కొట్టింది. పరీక్షాధికారిణి మాత్రం గోడ గడియారం వైపు ఓసారి చూసి, సంచీ సర్దుకుంటూ అన్నారు: "ఒక్కటే లోపం. కాస్త వేగం పెంచుకోవాలి."