మచ్చ పడకూడని గిటారు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, నా గొంతు పెద్దది కాదు. ఒక గిటారు వీపున కందిగింజంత మచ్చ పడిన వైనం చెబుతాను. మచ్చంటే చిన్న విషయమనుకునేవాళ్లు ఉంటే ఇప్పుడే లేచి వెళ్లవచ్చు. ఇది మర్యాదస్తుల కథ.

ఒక ఆఫీసులో హెడ్డు గుమాస్తా గారు ఉండేవారు. ఆయన కూతురు చిట్టికి సంగీత కళాశాలలో సీటు తప్ప లోకంలో మరేదీ అక్కర్లేదు. సీటు రావాలంటే పెద్దల ముందు ఒక్క పాట వాయించి చూపాలి. తండ్రి తక్కువ చేయలేదు. తేనెరంగు పాలిష్‌తో అద్దంలా మెరిసే గిటారు కొన్నారు. దానికో ఇనుప స్టాండు కూడా తెచ్చి ముందుగదిలో నిలబెట్టారు.

నెల తిరక్కుండానే ఘోరం జరిగింది. స్టాండుకున్న రబ్బరు తొడుగు, గిటారు పాలిష్ వేసవి ఉక్కకు ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్నాయి. విడదీస్తే గిటారు వీపున మచ్చ! సొంత తల్లి మెట్ల మీద జారిపడిన రోజున కూడా ఒంటిపూట సెలవుతో సరిపెట్టిన మనిషి, ఆ రోజు పూర్తి సెలవు పెట్టారు. ఇంటిల్లిపాదినీ పిలిచి నిలబడి ప్రకటించారు: "సదరు స్టాండును తక్షణం విధుల నుంచి తొలగించడమైనది."

"ఆ రబ్బరుకో నూలుగుడ్డ చుడితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అంది ఇల్లాలు.

ఆ సలహా పరిశీలనకు స్వీకరించబడింది. పాత బనియను చూశారు, కుట్టు గీసుకుంటుందన్నారు. తువ్వాలు చూశారు, రంగు దిగుతుందన్నారు. చివరికి ఇల్లాలి మెత్తని శాలువాకు ఆ గౌరవం దక్కింది. కత్తిరించేటప్పుడు ఆమెను సంప్రదించలేదు, ఆమె ఊళ్లో ఉండి కూడా. అయినా ఆయనకు శాంతి లేదు. ఇనుము ఇనుమే కదా అన్నారు.

"గోడకు కొక్కెం కొట్టి తగిలించండి బావగారూ" అన్నాడు ఆ పూట చూడ్డానికి వచ్చిన బావమరిది.

"కొక్కేనికీ రబ్బరుంటుందయ్యా, అది పట్టుకునేదీ మెడనే. వీపున మచ్చయితే చొక్కా వేసి దాచొచ్చు. మెడ మీద మచ్చ పడితే నలుగురిలో తలెత్తుకోగలదా?"

అలా గిటారుకు దూదిపరుపు కేటాయించబడింది, దంపతులకు నేల. అంతటితో ఊరుకుంటే బాధ్యత అనిపించుకోదు. ఒకే పక్కన పడుకుంటే ఆ వైపు ఒరుసుకుంటుందని గంటగంటకూ దాన్ని అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టారు. పక్కగదిలో మంచం పట్టిన ఆయన తల్లి ఇదంతా చూసింది.

"ఒరేయ్, నన్నెప్పుడన్నా ఇలా తిప్పావురా?"

"నీకు పాలిష్ లేదు కదమ్మా!" అన్నారాయన, ఎంతో ప్రేమగా.

పరీక్ష దగ్గరపడింది. చిట్టికి ఆకలి మందగించింది. "నాన్నా, ఒక్కసారి ఇవ్వు. వేళ్లు మర్చిపోతున్నాయి" అని బతిమాలింది.

"ఎక్కడ పెట్టుకుని వాయిస్తావు?"

"ఒళ్లో పెట్టుకుని! ఇంకెక్కడ?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. గిటారును మోసే ప్రతిదీ స్టాండే గదా! ఆ లెక్కన కూతురి ఒడి కూడా స్టాండే. పైగా ఇనుప స్టాండుకు చెమట పట్టదు, గుండీలుండవు, గోళ్లుండవు. వరండాలో పడి ఉన్న ఆ స్టాండు మీద ఆయనకు తొలిసారి జాలి కలిగింది. కూతురిని కూడా విధుల నుంచి తొలగించారు.

అయితే ఆయన కఠినుడేమీ కాదు. ఇస్త్రీ బల్ల మీద సుద్దముక్కతో తీగలు గీసి సాధన చేసుకోమన్నారు. చిట్టి పెదవి కొరుక్కుంటూ ఆ గీతల మీదే పాటంతా వాయించేది. చెవికేమీ వినపడేది కాదు. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి, "మీ అమ్మాయి ఈమధ్య ఎంత బాగా వాయిస్తోందండీ!" అని మెచ్చుకుని వెళ్లారు.

పరీక్షరోజున గిటారును పసిబిడ్డలా ఎత్తుకుని తండ్రే తీసుకెళ్లారు. ఉల్లిపాయలా పొరలుపొరలుగా గుడ్డలు విప్పి బల్ల మీద పెట్టేసరికి గదంతా వెలుగు. పరీక్షాధిపతి లేచి నిలబడ్డారు.

"ఈ సంస్థ సుదీర్ఘ చరిత్రలో ఇంతటి కాంతిగల వాద్యాన్ని వినడం, అనగా చూడడం, ఇదే ప్రథమం. క్రమశిక్షణ గల కుటుంబానికి అభినందనలు. ఏదీ, వాయించమ్మా."

చిట్టి ముందుకు వంగి చూసింది. గిటారుకు తీగలు లేవు.

"తీగలు చెక్కను గుంజుతున్నాయని రాత్రే విప్పేశానండి" అన్నారు తండ్రి వినయంగా. "ఇంట్లో భద్రంగా ఉన్నాయి."

చిట్టి తండ్రి వైపు చూసింది. పరీక్షాధిపతి వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ బల్ల మీద మూగగా అణిగిన పాటంతా అరచేతుల్లోకి దిగింది. గిటారును ఒక్క గుంజు గుంజి ఒళ్లో పడేసుకుని, రెండు చేతులతో దాని పొట్ట మీద దరువు మొదలుపెట్టింది. గాజులు గీసుకున్నాయి. గోళ్లు దిగబడ్డాయి. దెబ్బదెబ్బకీ తండ్రి గుండె పట్టుకున్నారు. పరీక్షాధిపతి కాలు మాత్రం ఆయన అనుమతి లేకుండానే తాళం వేయసాగింది.

సీటు వచ్చింది. డ్రమ్ముల విభాగంలో.

మర్నాడు తండ్రీకూతుళ్లు డ్రమ్ము కొనడానికి వెళ్లారు. తెల్లగా, నున్నగా ఉన్న దాని చర్మం చూసి ఆయన కరిగిపోయారు. షాపువాడిని పక్కకు పిలిచి, "దీన్ని కొట్టకుండా వాడుకునే ఉపాయం ఏమైనా ఉందా?" అని అడిగారు.

"వచ్చినవాళ్లందరూ అడిగేది అదే సార్. డ్రమ్ముల కంటే మాకు కవర్లే ఎక్కువ పోతాయి."

ఆయన కవర్ల నాణ్యత తడిమి చూస్తుండగానే వెనక నుంచి ఢమాల్‌మని మోత. కవరు ఇంటికి చేరేలోపు వాయించుకోవాలని చిట్టికి తెలిసిపోయింది మరి.

ఈ కథ గుర్తుంచుకుని నలుగురికీ చెప్పు తల్లీ. నలిగిపోతుందని దాచకు. చెప్పేముందు మాత్రం మీ ఇంటి కొత్త సోఫా మీది ప్లాస్టిక్ కాగితం తీసేసి, వచ్చినవాళ్లను దానిమీద కూర్చోబెట్టి చెప్పు. ఏం, ముఖం అలా పెట్టావు?