ఎదుగుదల పత్రం, మూడు ప్రతులు

మనిషి పుట్టింది ఎదగడానికి. ఎదిగినట్టు రుజువు మాత్రం మూడు ప్రతుల్లో ఉండాలి.

ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఘనత విశాఖపట్నం వన్ టౌన్‌లోని క్రైస్తవ వ్యాపారస్తుల నిరంతర ఆత్మాభివృద్ధి సంఘానిది. 1983 జనవరిలో టీ, బిస్కట్ల అనంతరం ఏకగ్రీవంగా తీర్మానించాం. నేను ఆ సంఘానికి సహాయ కార్యదర్శిని. ఎదుగుదల పత్రం రాసిందీ నేనే, అచ్చు వేసిందీ నా ప్రెస్సే. (ఇందులో స్వార్థం లేదు. టెండరు పిలిచాం. నేనొక్కణ్ణే వేశాను.) తెల్ల ప్రతి సంఘానికి, గులాబీరంగుది పాస్టరు గారికి, పసుపుది సభ్యుడి సొరుగుకి. పరలోకానికి విడిగా ఒకటి పంపాలా అని ఎవరో అడిగారు. అక్కడ అసలు ప్రతే ఉంటుందని పాస్టరు గారు చెప్పడంతో ఒక కార్బన్ కాగితం మిగిలింది.

పత్రంలో వినయం, క్షమ, ఓర్పు అని మూడు భాగాలు. కష్టమంతా ఓర్పు దగ్గరే. తన కింద పనిచేసే మనిషి మొరని అడ్డు తగలకుండా అరగంట వింటే సభ్యుడికి అయిదు మార్కులు. విన్నట్టు ఆ మొర పెట్టుకున్నవాడే సాక్షి సంతకం చెయ్యాలి. ఏడో నిబంధన ప్రకారం, మొర తీరిపోతే దాని మీద ఇక మార్కులు రావు. ఇది నేను చాలా ఆలోచించి రాసిన నిబంధన. మద్దిలపాలెంలో బేకరీ నడిపే రత్నమణి గారు తన పనివాళ్ళు ఏదడిగినా నిలబడ్డ చోటే చేసిపెట్టి పంపేసేవారు. అందులో ఓర్పు ఎక్కడుంది? అది ఎదుగుదల కాదు, ఉత్త పని అని కమిటీ తేల్చింది. ఆవిడకి మొత్తం పదకొండు మార్కులు వచ్చాయి.

మా ఆశాజ్యోతి యేసుదానం గారు. ఓడలకి తాళ్ళు, గొలుసులు సరఫరా చేసే కొట్టు ఆయనది. ఎదగక ముందు పరమ కోపిష్టి. ఎవరైనా కాయితం పట్టుకొస్తే "ఏటిరా నీ గోల!" అని కసిరి, చదవకుండానే సంతకం గీకి విసిరేసేవారు. సంఘంలో చేరాక ఆ దుర్గుణం పూర్తిగా పోయింది. సెప్టెంబరు ఆఖరి వారానికి ఆయనకి అరవై అయిదు మార్కులున్నాయి. నెలాఖరుకి తొంభై అయితే ఎదుగుదల షీల్డు ఆయనదే.

ఆ సోమవారం దాలయ్య వచ్చాడు. పదకొండేళ్ళుగా ఆ కొట్లో గొలుసులు కట్టి బరువులెత్తే మనిషి. పరిశీలకుడిగా నేనూ అక్కడే ఉన్నాను.

"బాబూ, ఉక్కు ఫ్యాక్టరీ కట్టే ఓ కంపెనీలో ఖలాసీల్ని తీసుకుంతన్నారంట. నాను పదకొండేళ్ళు బరువులెత్తే పన్జేసినానని ఒక్క కాయితం రాసిచ్చీండి. సుక్కురారం అయిదింటికల్లా అక్కడియ్యాల. ఆ పని దొరికితే ఇంట్లోవోళ్ళకీ ఆస్పత్రి ఉంతాదంట. మా ఇంటిది అసిరమ్మకి ఆయాసం, తవఁరికి తెల్సు గదా."

"తప్పకుండా రాస్తాను దాలయ్యా. ముందు నీ మనసులో ఉన్నదంతా చెప్పు."

"అంతే బాబూ."

"అంతేనా? ఇంకా ఇరవై తొమ్మిది నిమిషాలుంది," అన్నారు యేసుదానం గారు ఎంతో ప్రేమగా.

దాలయ్య తన పుట్టుక దగ్గర మొదలుపెట్టాడు. మంగళవారం అసిరమ్మకి ఆయాసం ఎప్పుడు వచ్చిందో, రాత్రిళ్ళు గోడకి ఆనుకుని ఎలా కూర్చుంటుందో చెప్పాడు. యేసుదానం గారు కళ్ళు తుడుచుకున్నారు. నిజంగానే ఏడ్చారు. ఆయన చెడ్డవాడు కాడు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కాయితం మాత్రం రాయలేదు. రాస్తే మొర తీరిపోతుంది.

బుధవారానికి దాలయ్య దగ్గర కబుర్లు అయిపోయాయి. గొలుసులు ఎన్ని రకాలో చెప్పాడు. గురువారం చాలాసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. (మౌనం కూడా వినికిడి కిందికే వస్తుందని కమిటీ వివరణ.) చివరికి చేతులు జోడించాడు.

"బాబూ, మునుపట్లాగ నన్నోపాలి కసిరీండి బాబూ."

"ఆ పాత మనిషి చచ్చిపోయాడు దాలయ్యా," అన్నారు యేసుదానం గారు గద్గదంగా.

"ఆ బాబైతే ఈపాటికి రాసిచ్చీసీవోరు."

శుక్రవారం దాలయ్య ఉతికిన చొక్కా వేసుకుని పొద్దున్నే వచ్చాడు. యేసుదానం గారు ఉపవాస ప్రార్థనకి వెళ్ళి మూడింటికి తిరిగొచ్చారు. మూడున్నర దాకా విన్నారు. తొంభై మార్కులయ్యాయి. ఇక కాయితం రాయవచ్చు, కానీ సాక్షి సంతకాలన్నీ ముందు పూర్తి కావాలని నిబంధన (అదీ నాదే). అయిదు పత్రాలు, మూడేసి ప్రతులు, వెరసి పదిహేను సంతకాలు. దాలయ్య వయోజన విద్య బళ్ళో పేరు రాయడం నేర్చుకున్నాడు. ఒక్కొక్క అక్షరం నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, దిద్దినట్టు రాశాడు. నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట అనొచ్చు. పరిశీలకుడు మాట్లాడరాదని తొమ్మిదో నిబంధన. నాకు నిజంగా సిగ్గేసింది. ఇంటికెళ్ళి వినయం కింద రెండు మార్కులు వేసుకున్నాను.

ఆ తర్వాత యేసుదానం గారు కాయితం రాశారు, మనసుపెట్టి, చక్కని దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా. దాలయ్య దాన్ని జేబులో పెట్టుకుని బస్సుకి పరిగెత్తేసరికి నాలుగున్నర. గాజువాక దాటి కంపెనీ గేటు చేరేసరికి అయిదూ ఇరవై. గేటు మూసేసి ఉందట. అతను కాసేపు అక్కడే నిలబడి వచ్చేశాడట.

ఆదివారం షీల్డు ప్రదానం. సాక్ష్యం చెప్పమని దాలయ్యని వేదిక మీదికి పిలిచాం. అతను మైకు దగ్గర ఇబ్బందిగా నిలబడి, "బాబు బాగా ఇన్నారు," అన్నాడు. హాలంతా చప్పట్లు. రత్నమణి గారొక్కరే కొట్టలేదు. (ఆవిడ క్షమ భాగంలో కూడా వెనకబడే ఉన్నారు.)

షీల్డు టేకు చెక్కది, కింద ఇనప దిమ్మ. ఇద్దరు సభ్యులు పట్టినా లేవలేదు. దాలయ్య ఒక్కడే భుజానికెత్తుకుని కొట్టుదాకా మోశాడు. బరువులెత్తడంలో అతనికి పదకొండేళ్ళ అనుభవం. ఇప్పుడు దానికి కాయితం కూడా ఉంది.