అరమీసానికి రెండు పూతలు

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం టీ వేళకు ఒక పెద్దావిడ వస్తోంది. ఈలోగా సోఫాకి ఉతికిన గుడ్డలు తొడగాలి, కిటికీలు తుడవాలి, మామగారి ముఖానికి కాస్త కళ తెప్పించాలి. సోఫా, కిటికీలు భార్య చేతిలో ఉన్నాయి కాబట్టి వాటికేమీ కాలేదు.

మామగారు అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. కూతురింట్లో పై గదిలో ఉంటూ, రేడియోలో వార్తలు చదివే అమ్మాయికి సమాధానాలు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. ఆ సమాధానాలు రోజురోజుకీ పొడుగవుతున్నాయని గమనించింది కూతురు. నాన్నకో తోడు కావాలని నెత్తీ నోరూ కొట్టుకుని, చివరికి ఎలాగో ఒప్పించింది. వచ్చే ఆవిడా ఒంటరిదే. ఎక్కడో ఒక మందుల షాపు నడిపి, ఈమధ్యే అమ్మేసిందట. ఇంతవరకూ ఇద్దరూ ఫొటోలు చూసుకోవడమే తప్ప ఎదురుపడలేదు.

ఇక అల్లుడు. రంగుల కంపెనీలో తనిఖీ చేసే ఉద్యోగం అతనిది. రేకు మీద రంగు పూయడం, ఆరాక బ్లేడుతో గళ్లుగళ్లుగా గీకడం, దాని మీద టేపు అంటించి లాగి ఎంత ఊడిందో చూడడం, ఇదే పని. ఆఫీసులో అందరూ అతన్ని గీకుడు అంటారు. పోనీ ఆ బుద్ధి ఆఫీసులోనే వదిలి వస్తాడా అంటే, అదీ లేదు. కొత్త ఫ్రిజ్ ఇంట్లో దిగిన రోజే దాని తలుపు గీకి చూసిన ఘనుడు. ఆ గీతల మీద భార్య ఇప్పటికీ ఒక క్యాలెండర్ తగిలించి ఉంచుతుంది.

"మందుల షాపులో ఇవన్నీ తెచ్చాను. నాన్న ముఖం చూడండి, ఎండిపోయిన నిమ్మతొక్కలా ఉంది" అంటూ భార్య నాలుగు క్రీముల డబ్బాలు బల్ల మీద పెట్టింది.

గీకుడు ఒక డబ్బా తిప్పి చూసి పెదవి విరిచాడు. "మొదటి పూతతోనే నిగారింపు అట. ఎవరు చూశారు?"

"వాడినవాళ్లు చూశారు."

"కొన్నాక కనిపించక చస్తుందా? నీ సొరుగు నిండా ఇవేగా. డబ్బా మీద రాసింది రాసినట్టు చేసింది ఒక్కటుంటే చూపించు."

భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "సరే, మీరే తేల్చండి. సొరుగంతా మీదే. ఏది మంచిదో పరీక్ష చేసి, అదే నాన్నకి రాయండి. నేను పూలు, బిస్కెట్లు తీసుకుని వస్తాను. కళ్ల దగ్గర మాత్రం ఏదీ రాయకండి. ఇంకో మాట. ఇది చెడిందంటే నాన్న ఇక జన్మలో ఇంకెవర్నీ చూడటానికి ఒప్పుకోడు. ఆయన బతుకంతా ఆ రేడియోతోనే తెల్లారితే మాత్రం నేను మిమ్మల్ని ఊరుకోను."

గీకుడికి మామగారంటే నిజంగానే ప్రేమ. అందుకే పని పద్ధతిగా చేయాలనుకున్నాడు. పద్ధతి లేకుండా చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

రంగుల తనిఖీలో మొదటి సూత్రం, పరీక్షించేవాడికి సరుకు పేరు తెలియకూడదు. పేరు తెలిస్తే మనసు అటు మొగ్గుతుంది. కాబట్టి అతను సొరుగులో ఉన్నవాటినీ, కొత్తగా వచ్చినవాటినీ పేర్లు కనపడకుండా బోర్లా పరిచి, ఒక్కొక్కటే పిండి ఒకే రకం స్టీలు గిన్నెల్లో వేశాడు. గిన్నెల అడుగున నంబర్లు అంటించాడు. ఖాళీ ట్యూబులు, డబ్బాలు ఎదురుగా ఉంటే కళ్లు అటే పోతాయని వాటిని మూటకట్టి, అప్పుడే వచ్చిన చెత్త బండిలో స్వయంగా వేసొచ్చాడు. ఆఫీసులో అయితే ఏ నంబరు ఏ సరుకో రాసిన చీటీ పక్క టేబుల్ ఆయన దగ్గర ఉంటుంది. ఇంట్లో పక్క టేబుల్ లేదన్న సంగతి, బండి వీధి మలుపు తిరిగాక అతనికి తట్టింది.

గిన్నెల్లో చూస్తే అన్నీ తెల్లగానే ఉన్నాయి.

"ఏం అల్లుడూ, మొదలుపెడదామా?" అన్నారు మామగారు కుర్చీలో నిటారుగా కూర్చుని. ఆయన ముఖంలో ముందు కనిపించేది మీసం. నెరిసినా ఒత్తు తగ్గలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మంటల మధ్య తిరిగి వచ్చినా ఒక్క వెంట్రుక మాడలేదని ఆయన అందరికీ చెబుతారు. అడగనివాళ్లకి కాస్త ఎక్కువ చెబుతారు.

గీకుడు ఆయన నుదుటి నుంచి గడ్డం దాకా, ముక్కు మీదుగా నిలువుగా టేపు అంటించి ముఖాన్ని రెండు భాగాలు చేశాడు. ఎడమ పక్కకి ఐదో గిన్నె, కుడి పక్కకి రెండో గిన్నె. కొత్త బ్రష్షు ముంచి, చెంపల మీద కిందికీ పైకీ పూయడం మొదలుపెట్టాడు. ఎడమ మీసాన్ని దాటి, కుడి మీసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని చెయ్యి ఆగింది. ఎడమది పోల్చుకోవడానికి నమూనాగా అలాగే ఉండనిచ్చి, కుడిదాన్ని బాగా తడిపాడు.

"మీసం మీద కూడా ఎందుకు బాబూ?"

"నున్నటి చోటే పూస్తే పరీక్ష ఎలా అవుతుంది మామయ్యా? గరుకు చోట కూడా పట్టు చూడాలి."

మామగారికి ఆ మాట నచ్చింది. మీసాన్ని గరుకు అన్నందుకు ఆయన గర్వంగా ఛాతీ పొంగించారు. మొదటి పూత కాస్త ఆరాక రెండో పూత పడింది.

"ఏదో కుళ్లిన గుడ్డు వాసన వస్తోందే?"

"నాకేం రావట్లేదు. పెయింట్లు పీల్చీ పీల్చీ నా ముక్కు ఎప్పుడో పోయింది."

"చురుక్కుమంటోంది కూడా."

"మంచి రంగు ఏదైనా మొదట కాస్త కొరుకుతుంది మామయ్యా. పట్టు దొరుకుతోందన్నమాట."

పూత తుడిచాక, అలవాటు కొద్దీ గీకుడు ఒక టేపు ముక్క చింపి మామగారి కుడి మీసం మీద అద్ది, బొటనవేలితో గట్టిగా రుద్ది, సర్రున లాగాడు. అరమీసం మొత్తం, ఒక్క వెంట్రుక కూడా వెనక ఉండిపోకుండా, టేపుతో పాటు వచ్చేసింది.

"పట్టు లేదు" అన్నాడు గీకుడు, నోటి అలవాటుగా. ఏం ఊడిందో ఆ తర్వాత గానీ చూసుకోలేదు.

మామగారు అద్దంలో చూసుకున్నారు. తర్వాత మెల్లగా టేపు అందుకుని, దాని మీద ఉన్న సగాన్ని చూశారు. "మూడంతస్తుల గోడౌను తగలబడినప్పుడు కూడా దీనికేం కాలేదు అల్లుడూ" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. గీకుడికి నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"ఆ సగం కూడా తీసేద్దాం మామయ్యా. సమంగా ఉంటుంది."

"నేను బతికుండగా దాని మీద కత్తి పడదు. ఆవిడని రావద్దని చెప్పు. ఏ ముఖం పెట్టుకుని కూర్చోను?"

రావద్దంటే భార్య ఊరుకోదు. గీకుడు ఒక్క క్షణం తల పట్టుకున్నాడు. ఆపైన అతనిలోని రంగులవాడు మేలుకున్నాడు. కనుబొమల పెన్సిల్ అరగదీసి, పౌడరు కలిపి, చిటికెడు బొగ్గు పొడి చేర్చి, మిగిలిన మీసం పక్కన పెట్టి పోల్చుకుంటూ, అచ్చంగా ఆ నెరిసిన రంగే కుదిరేదాకా కలిపాడు. సన్నటి బ్రష్షుతో ఒక్కో వెంట్రుకా గీశాడు. రెండు పూతలు. దూరం నుంచి చూస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు. దగ్గర నుంచి చూస్తే ఎవరైనా కనిపెడతారు.

"మామయ్యా, నవ్వకండి, తుమ్మకండి, కుడి చెంప ఎవరికీ చూపించకండి" అని చెప్పి, ఆయన్ని కుడి పక్క గోడకు ఆనేలా సోఫా చివర కూర్చోబెట్టాడు.

భార్య పూలతో లోపలికి వచ్చి, "నాన్నా, ఇటు తిరుగు, చూడనీ" అంది. మామగారు గోడవైపే చూస్తూ, "బానే ఉన్నానమ్మా" అన్నారు, పెదవులు కదపకుండా.

ఆమె ఆయన ఎదురుగా రాబోతే ముఖం ఇంకాస్త గోడలోకి తిప్పేసుకున్నారు. ఆ గోడ మీద అత్తగారి ఫొటో ఉంది. కూతురు ఆ ఫొటో వైపు, నాన్న వైపు మార్చి మార్చి చూసింది. చేతిలో పూలు బల్ల మీద పెట్టేసి భర్తని వంటింట్లోకి లాక్కుపోయింది.

"నాన్నకి ఇష్టం లేదండీ. అమ్మ ఫొటోనే చూస్తున్నాడు. నా మాట కాదనలేక ఒప్పుకున్నాడు. ఎంత తప్పు చేశాను!" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నిజం చెబితే తన పని అయిపోతుంది. చెప్పకపోతే ఆమె మనసు విరిగిపోతుంది. గీకుడు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

మందుల షాపు మేడమ్ పొట్టిగా, చురుగ్గా ఉంది. కళ్లజోడు మెడలో గొలుసుకి వేలాడుతోంది. ఎదుటి కుర్చీలో కూర్చుని, గోడతో మాట్లాడుతున్న మనిషిని కాసేపు పరీక్షగా చూసింది.

"ప్రయాణం బాగా జరిగిందాండీ?" అన్నారు మామగారు అత్తగారి ఫొటోతో.

"నేను ఇటుపక్క ఉన్నానండీ" అంది ఆవిడ.

"తెలుసండీ. చాలా సంతోషం."

కూతురు ఇక ఆగలేకపోయింది. "నాన్నా, ఇష్టం లేకపోతే చెప్పేయ్. ఆవిణ్ణి ఇలా అవమానించకు. నేనేం అనుకోను."

"ఇష్టమేనమ్మా!" అని గోడకి గట్టిగా చెప్పారు మామగారు. ఆ కంగారులో టీ కప్పు అందుకుని ఒక గుక్క తాగారు. టీ పొగలు కక్కుతోంది. చురుక్కుమనేసరికి జేబురుమాలుతో మూతి తుడుచుకున్నారు, అదీ కుడి నుంచి ఎడమకి, మనిషి తుడుచుకునే మామూలు తీరులో. రుమాలు మీద అరమీసం అందంగా పడింది. కప్పు అంచున మిగతా కాస్త ఉండిపోయింది.

కూతురు నాన్న ముఖం చూసి, ఆ చూపుని అలాగే తిప్పి భర్త మీద పెట్టింది. "ఏవండీ" అంది. ఆ ఒక్క పిలుపులో చాలా ఉంది.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని లేచి, మామగారి దగ్గరికి వెళ్లి, కుడి చెంప దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. "వెంట్రుకలు రాలగొట్టే క్రీము. ఎవరు రాశారు?"

గీకుడు బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. పరీక్ష సంగతి, గిన్నెల సంగతి, చెత్త బండి సంగతి అంతా చెప్పేశాడు. తప్పంతా తనదేననీ, మామయ్యది బంగారంలాంటి మనసనీ, ఆయన పొద్దుట్నుంచీ ఈ సాయంత్రం కోసమే కూర్చున్నారనీ గడగడా చెప్పాడు.

"మరి ఎడమ చెంపకి?"

"ఐదో గిన్నె. అదేమిటో నాకూ తెలీదు."

ఆవిడ అటు కూడా వాసన చూసింది. "నిగారింపు క్రీము. ఏమైనా తేడా కనిపించిందా?"

"లేదండీ."

"కనిపించదు. ఎన్నేళ్లు అమ్మాను! నేనెప్పుడూ రాసుకోలేదు." ఆవిడ ఉన్నట్టుండి కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వింది. "ఏమీ అనుకోకండి. అసలు నేను వద్దని చెబుదామనే వచ్చాను. ఫొటోలో ఆ మీసం చూస్తే, ఈయన ఇంట్లో ఒక్కర్నీ నోరెత్తనివ్వడేమో అని భయం వేసింది. ఫోన్లో చెబితే మర్యాద కాదని ముఖం మీదే చెబుదామని బయల్దేరాను. తీరా చూస్తే..." మళ్లీ నవ్వు వచ్చేసింది.

"తీరా చూస్తే?" అన్నారు మామగారు. ఆ పూటకి మొదటిసారి ఆయన పూర్తిగా ఆవిడ వైపు తిరిగారు.

"అల్లుడు సరదా పడ్డాడని ముఖం అప్పగించి కూర్చున్న మనిషి మీరు. మీకెందుకు భయపడాలి? ఆ మిగిలింది కూడా లేకపోతే ఇంకా బావుంటారు."

ఆ మీసం మీద కత్తి పడదని ఒట్టేసిన మనిషి ఆయన. మామగారు మిగిలిన సగాన్ని ఒకసారి వేళ్లతో తడుముకుని, మెలితిప్పి, వదిలేశారు.

"కత్తి మాత్రం వద్దు. అల్లుడూ, ఆ రెండో గిన్నెలో ఇంకా ఏమైనా మిగిలిందా?"

మేడమ్ వెళ్లేటప్పుడు వచ్చే ఆదివారం తన ఇంటికి రమ్మంది, ఈసారి గోడకి కాకుండా తనకి కబుర్లు చెప్పమంది. ఆవిడ వెళ్లాక పై గదిలోంచి రేడియో వినిపించలేదు. మామగారు ఈల వేసుకుంటున్నారు, పై పెదవి మీద గాలి కొత్తగా తగులుతున్నట్టుంది. కింద భార్య గిన్నెలన్నీ భర్తకి వినిపించేలా చప్పుడు చేస్తూ తోమింది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"ఇంతకీ ఏం తేల్చారు?"

"నీ సొరుగు మొత్తంలో డబ్బా మీద రాసింది రాసినట్టు చేసింది ఒక్కటే ఉంది" అన్నాడు గీకుడు.

మర్నాడు ఆమె మందుల షాపుకి వెళ్లి, ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ మళ్లీ కొనుక్కొచ్చింది.