సూటు లోపల తాళంచెవి

ఆ శనివారం పొద్దున్న క్యాషియరు గారి కార్యక్రమం చాలా చిన్నది. లేవగానే రెండు సూట్లూ ఒకదాని తర్వాత ఒకటి తొడుక్కుని చూడాలి. ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. తర్వాత బ్యాంకుకు వెళ్లాలి. సాయంత్రం వచ్చేటప్పుడు రెండో సూటు దుకాణంలో తిరిగి ఇచ్చెయ్యాలి. ఆదివారం తెల్లవారగానే ఊరి బయట రేసు ట్రాక్ మీద, జీవితంలో మొదటిసారి, మోటార్ సైకిల్‌ని నేలకు పడుకోబెట్టి మలుపు తిప్పాలి. ఇందులో తలకిందులు కావడానికేమీ లేదని ఆయన నమ్మారు.

ఏడాదికోసారి మామూలు జనాన్ని ఆ ట్రాక్ మీదికి వదులుతారు. ఎన్నో ఏళ్లు దరఖాస్తు పెట్టగా పెట్టగా ఈసారి ఆయన పేరు వచ్చింది. తోలు సూటు లేనివాళ్లను మాత్రం గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. దుకాణదారు మంచివాడు కాబట్టి రెండు రకాలూ ఇంటికిచ్చి పంపాడు. "తీరిగ్గా తేల్చుకోండి సార్. తిరిగొచ్చేదాని మీద గీత పడకూడదు, అంతే. ఏది పాడైతే అది మీది," అన్నాడు. రెండు సూట్లు కొనే స్తోమత క్యాషియరు గారికి లేదు. ఒకటి కొనడానికే ఇంట్లో నెల రోజులు సంప్రదింపులు జరిగాయి.

ఒకటి వన్ పీస్. మెడ నుంచి మడమ దాకా ఒకే తోలు, ముందు ఒకే జిప్పు. రెండోది టూ పీస్. జాకెట్ వేరు, ప్యాంటు వేరు, నడుం చుట్టూ జిప్పుతో రెండూ కలుస్తాయి. ఆయన మనసు మొదటిదాని మీద ఉంది. ఆయన భార్య ఓటు రెండోదానికి. ఆవిడకు కారు సీట్లకు తోలు కవర్లు కుట్టే దుకాణం ఉంది. తోలు గురించి ఆవిడతో వాదించే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు, ఒక్క మొగుడికి తప్ప.

"వన్ పీస్ అయితే ఎక్కడా విడిపోదు. పడ్డా ఒంటిని వదలదు. రేసుల వాళ్లంతా అదే వేస్తారు," అన్నారాయన.

"రేసుల వాళ్లు బాత్రూంకి వెళ్లరా?" అంది ఆవిడ.

ఆయన టూ పీస్ ముందు తొడుక్కున్నారు. చక్కగా సరిపోయింది. "ఇంకేం, తేలిపోయింది. విప్పి ఆఫీసుకు తయారవండి," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. ఆయన టూ పీస్ విప్పారు. విప్పాక ఊరుకోవచ్చుగా? తలుపు మీద వేలాడుతున్న వన్ పీస్ ఎర్రగా, నల్లగా మెరుస్తూ రా రమ్మంటోంది. బనియనూ నిక్కరూ మీద ఉన్న మనిషి అందులో కాళ్లు దూర్చి, పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, జిప్పు గడ్డం దాకా ఒక్క లాగు లాగారు.

జిప్పు గొంతు దగ్గర టక్కున ఆగింది. ఇక కిందికీ రాదు, పైకీ పోదు.

దానికి కారణం ఆయన మెడలో ఉంది. వాళ్ల బ్యాంకులో డబ్బు దాచే స్ట్రాంగ్ రూమ్ రెండు తాళంచెవులు పడితే గానీ తెరుచుకోదు. ఒకటి క్యాషియరు దగ్గర, ఇంకొకటి మేనేజరు దగ్గర ఉంటాయి. ఒకసారి ఎవరో తాళంచెవిని లంచ్ బాక్స్ సంచీలో మరిచిపోయి ఇంటికి పోతే, మేనేజరు గారు ఒక ఆజ్ఞ జారీ చేశారు. ఎవరి తాళంచెవి వాళ్లు తాడుకు కట్టి మెడలోనే వేసుకోవాలి, స్నానానికి కూడా తీయకూడదు. క్యాషియరు గారు ఆజ్ఞ మీరే మనిషి కాదు. ఇప్పుడు ఆ తాడు జిప్పు పళ్ల మధ్య ఇరుక్కుంది, తాళంచెవి ఆయన పొట్ట మీద వెచ్చగా పడుకుంది.

భార్య వచ్చి లాగింది. సబ్బు రాసి లాగింది. మంచం కోడుకు కాలు తన్నిపెట్టి లాగింది. మంచం కదిలింది గానీ జిప్పు కదల్లేదు.

"ఉండండి, కత్తెర తెస్తాను."

"నేను బతికుండగా కత్తెర మాటెత్తకు!" అని ఆయన కేక పెట్టారు. "దీన్ని కోస్తే ఇదే మనది. రెండోది వెనక్కి పోతుంది. రేపు నేనేం కట్టుకుని వెళ్లను, దుప్పటా?"

"మరి బ్యాంకో?"

"ఇలాగే పోతాను. తాళం తియ్యకపోతే బ్యాంకే తెరవరు."

"సరే పదండి. నేను షాపుకెళ్లి నా సామాను తీసుకుని వెనకాలే వస్తాను. అక్కడ ఎవర్నీ ముట్టుకోనివ్వకండి," అని ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

ఆ సూట్లు బండి మీద వంగి కూర్చునే మనిషి కొలతకు కుట్టినవి. నిలబడే మనిషితో వాటికి పని లేదు. క్యాషియరు గారు నడుం వంచి, చేతులు ముందుకు పెట్టి, పోయిన వస్తువు వెతుక్కుంటున్నవాడిలా మెట్లు దిగారు. కానీ బండెక్కి హెల్మెట్ పెట్టుకుని హ్యాండిల్ పట్టుకోగానే అంతా మారిపోయింది. ఎక్కడెక్కడ పీకిందో అక్కడంతా అతికినట్టు సరిపోయింది. గాలి గుండెకు తగిలి రెండు పక్కలకూ చీలిపోతోంది. ఇన్నేళ్లూ ఇదే దారిలో ఇదే బండి మీద పోతూ, ఆయన ఒక్కనాడూ ఇలా పోలేదు.

బ్యాంకు ముందు పెద్ద సర్కిల్ ఉంది. దాన్ని తిరుగుతూ ఒళ్లు కాస్త పక్కకు వాల్చారు. ఆహా! బ్యాంకు తలుపు దగ్గర ఆగాల్సింది, ఆగలేదు. ఇంకొక్క చుట్టు అనుకున్నారు. ఆ చుట్టు ఇంకా బాగా కుదిరింది. మరొకటి కొట్టారు. ప్రతి చుట్టుకూ, టైమైపోతోందన్న భయంతో, బ్యాంకు తలుపు పైనున్న గడియారం వైపు తల తిప్పి చూశారు.

ఇదంతా తలుపు దగ్గర నిలబడి సెక్యూరిటీ గార్డు చూస్తున్నాడు. అతను ఆ వారమే చేరాడు. దొంగలను పసిగట్టడం ఎలాగో అతనికి శిక్షణలో నేర్పారు. దొంగ ముందు బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. మాటిమాటికీ తలుపు వైపు చూస్తాడు. ముఖం కప్పుకుంటాడు. దిగాక బట్టల్లో ఏదో దాచుకుని వంగి నడుస్తాడు. నేర్చుకున్నదంతా ఒక్క మనిషిలో కనబడేసరికి గార్డుకు ఒళ్లు పులకరించింది. క్యాషియరు గారు గొంతు దగ్గర జిప్పు పీక్కుంటూ, వంగి వంగి తలుపు దాకా వచ్చేసరికి గార్డు షట్టర్ దభీమని దించి సైరన్ నొక్కాడు.

బయట వరసలో నిలబడ్డ జనం తలో దిక్కూ పరుగు తీశారు. ఒక్క అవ్వ మాత్రం కదల్లేదు. "నాయనా, నేను తెల్లారకముందే వచ్చి నిలబడ్డాను. నా పింఛను నాకిచ్చేశాక మిగతాది నువ్వు దోచుకో," అంది.

"అయ్యో, నేను క్యాషియర్ని!" అని ఆయన హెల్మెట్ అద్దం ఎత్తారు.

"మా క్యాషియర్ గారు నిటారుగా నడుస్తారు," అన్నాడు గార్డు షట్టర్ సందులోంచి. "నువ్వు క్యాషియరువైతే తాళంచెవి చూపించు."

"లోపలుంది!"

"లోపలికి రావడానికి అందరూ అదే చెప్తారు."

సైరన్ చెవులకు చిల్లులు పొడుస్తోంది. మేనేజరు గారు లోపల వణుకుతూ, అయినా పైకి గంభీరంగా షట్టర్ దగ్గరికొచ్చారు. "మా క్యాషియర్ అయితే ఒక్కటి చెప్పు. పోయిన నెల జిరాక్స్ మెషిన్ మీద కాఫీ పోసిందెవరు?"

"మీరే సార్! గార్డు పోశాడని చెప్పి పాత గార్డుని మార్పించారు కదా!"

ఆ మాట సైరన్‌ని మించి వినబడింది. షట్టర్ లేచింది. మేనేజరు గారు పోలీసులకు ఫోన్ చేసి, "దొంగ ఎవరో కాదు, మా క్యాషియరే, మీరు రానక్కర్లేదు," అని చెప్పేసరికి వాళ్లు మరింత కంగారుపడ్డారు. వాళ్లకు నచ్చజెప్పడానికి ఇంకో ఫోన్ పట్టింది.

అసలు కొంప మునిగింది లోపల. ఆ రోజే చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్షన్ మేడం దిగారు. స్ట్రాంగ్ రూమ్ తన కళ్లెదుట తెరవాలని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నవ్విన గుర్తులు ఆవిడ ముఖం మీద ఎక్కడా లేవు.

"తాళంచెవి?"

"నా దగ్గరే ఉంది మేడం. తీయడానికి కుదరదు. ఇది ఊడితే గానీ అది రాదు."

మేనేజరు గారు అందుకున్నారు. "చూశారా మేడం? తాళంచెవి మెడలో ఉండగా పైన వన్ పీస్ బిగించుకున్నాడు! బుర్ర ఉన్నవాడెవడైనా చేసే పనేనా? ఒక్క క్షణం, ఒక్క క్షణం ఆలోచించి తాడు తీసి పక్కన పెట్టుకోవచ్చు కదా?"

"తీయకూడదని మీరే కదా సార్ ఆజ్ఞ వేశారు?"

"ఆజ్ఞ వేరు, బుద్ధి వేరు!" అంటూనే ఆయన చెయ్యి క్యాషియరు గారి భుజం మీది తోలును తడిమింది. "అసలైన తోలేనా ఇది?"

"కత్తెర తెప్పించండి," అన్నారు మేడం.

అంతే, క్యాషియరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేడం, వద్దండీ. ఇది కోస్తే రేపు నాకు సూటుండదు, ట్రాక్ మీదికి రానివ్వరు. మళ్లీ పేరెప్పుడొస్తుందో తెలీదు. ఉద్యోగంలో చేరిన్నాటి నుంచీ ఆ అద్దాల గదిలోనే కూర్చున్నానండీ. కదిలేది నా వేళ్లొక్కటే. ఒక్క పూట ఒళ్లంతా కదలాలని నా ఆశ. మా ఆవిడ వస్తోంది, ఆవిడొచ్చేదాకా ఆగండి."

వంగి ఉన్నారు కాబట్టి ఆయన కాళ్ల మీద పడబోతున్నట్టే కనబడ్డారు. గార్డు తప్పు చేసినవాడిలా నేలచూపులు చూశాడు. పారిపోయిన జనం ఒక్కొక్కరే తిరిగొచ్చి చుట్టూ మూగారు. అవ్వ ముందుకొచ్చి, "పాపం, పోనీలే అమ్మా. ఇందాకటి నుంచీ దొంగ కూడా ఆగాడు కదా, మనమూ ఆగుదాం," అంది. మేడం గడియారం చూసుకుని, గార్డు తెచ్చిన కత్తెర బల్ల మీద పెట్టారు.

అంతలో భార్య రానే వచ్చింది. చేతిలో షాపు సంచీ ఉంది. కొవ్వొత్తి తీసి జిప్పు పళ్లకు పైనుంచి కిందిదాకా రుద్దింది. సన్న పట్టుకారుతో తాడు కొసను పట్టి, "ఊపిరి వదలండి," అని ఒక్క గుంజు గుంజింది. జిప్పు బర్రున నడుం దాకా దిగింది. జనం చప్పట్లు కొట్టారు. సూటు మీద గీత కూడా పడలేదు. క్యాషియరు గారు తాళంచెవి పైకెత్తి చూపించారు, ఏదో కప్పు గెలిచినంత సంబరంగా.

"చొక్కా, ప్యాంటు తెచ్చాను, రికార్డు గదిలోకి వెళ్లి వేసుకోండి," అంది ఆవిడ. "చూశారుగా, మనిషి రోజూ వేసుకునేది రెండు ముక్కలే."

ఆయన నిటారుగా, హుందాగా బయటికొచ్చారు. మేడం లేచారు. జనం వరసలో సర్దుకున్నారు. ఇంక రెండో తాళంచెవి పెట్టి తిప్పడమే తరువాయి. మేనేజరు గారు కనబడలేదు. సూటు భద్రంగా మడత పెట్టించాలని ఇప్పుడే రికార్డు గదిలోకి వెళ్లారని గార్డు చెప్పాడు. ఒకసారి పిలిచారు. మళ్లీ పిలిస్తే, తలుపు కొద్దిగా తెరుచుకుంది.

మేనేజరు గారు వంగి వంగి బయటికొచ్చారు. ఎర్రగా, నల్లగా మెరిసిపోతున్నారు. జిప్పు గడ్డం దాకా ఉంది.

"ఊరికే... పట్టేదీ లేనిదీ చూద్దామని..." అని నీళ్లు నమిలారు.

"తాళంచెవి?" అన్నారు మేడం.

మేనేజరు గారు గొంతు దగ్గర జిప్పులో ఇరుక్కున్న తాడు చూపించారు. తన ఆజ్ఞను తనే మీరే మనిషి కాదాయన.

కొవ్వొత్తి అరిగిపోయేదాకా రుద్దారు. పట్టుకారు జారిపోయింది. క్యాషియరు గారికి వదులనిపించిన చోట కూడా మేనేజరు గారు నిండుగా ఉన్నారు. తాడు జిప్పు మధ్యలో నలిగి ముద్దయిపోయింది. మేడం బల్ల మీది కత్తెర తీసి క్యాషియరు భార్య చేతికిచ్చారు.

"అయ్యో, నా సూటు!" అన్నారు క్యాషియరు గారు.

"ఏది పాడైతే అది పాడు చేసినవాళ్లది. మీ దుకాణదారు షరతు అదే కదా?" అంది భార్య. ఆవిడ పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్న పని అది. కుట్టు వెంబడే, దారం కూడా వృథా కాకుండా, నడుం చుట్టూ కోసుకుంటూ పోయింది. పై సగం తల మీదుగా లాగితే మేనేజరు గారూ, తాళంచెవీ ఒకేసారి బయటపడ్డారు. జిప్పు తెగిన కింది సగం విచ్చుకుని జారిపోతుంటే రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. ఇన్‌స్పెక్షన్ మేడం ముఖం అప్పుడు ఒక్కసారి పగిలి, నవ్వు బయటికొచ్చింది. స్ట్రాంగ్ రూమ్ తెరుచుకుంది. మొదటి పింఛను అవ్వకే ఇచ్చారు.

"సాయంత్రం షాపుకి రండి సార్, నడుం చుట్టూ జిప్పు కుట్టిస్తాను," అని భార్య మేనేజరు గారికి చెప్పింది. మొగుడి వైపు తిరిగి, "ఇప్పుడు రెండూ రెండు ముక్కలే. ఏది కావాలో తేల్చుకోండి," అంది.

ఆదివారం తెల్లవారాక, గేటు దగ్గర ట్రాక్ మనిషి క్యాషియరు గారి నడుం జిప్పు లాగి చూసి, తలూపి లోపలికి పంపాడు. మొదటి మలుపులో ఆయన భయపడ్డారు. రెండో మలుపులో బండి పక్కకు వాలింది, మోకాలు నేలను ముద్దు పెట్టుకుంది, హెల్మెట్ లోపల ఆయన గొంతు చించుకుని అరిచారు. అద్దాల గది ఎక్కడో వెనక చాలా చిన్నదైపోయింది. బండి దిగి వచ్చాక భార్య "ఎలా ఉంది?" అంటే ఆవిడ చేతులు పట్టుకుని ఊపేశారు. కంచె అవతల, కొత్త జిప్పు కుట్టిన సూటులో నిలబడి మేనేజరు గారు ఈలలు వేస్తున్నారు. వచ్చే ఏటికి దరఖాస్తు అప్పుడే పెట్టేశారట.

సోమవారం బ్యాంకు గోడ మీద కొత్త ఆజ్ఞ కనబడింది: తాళంచెవులు మెడలో వేసుకోరాదు. దాని కింద సంతకం చేసిన మనిషి, సూటు విప్పేసినా, అప్పటికింకా నిటారుగా నడవడం లేదు.